పాఠకుల ప్రశ్నలు: విమానంలో గాలి ఒత్తిడి, పైలట్ల పొరపాట్లు

ప్రశ్న: మా అబ్బాయి ఉద్యోగరీత్యా విశాఖ నుంచి ఢిల్లీకి తరచుగా విమానంలో వెళ్తుంటాడు. పైలట్లు ఒక స్విచ్‌ను సరిచూసుకోకపోవడం వల్ల విమానంలో అందరూ స్పృహ తప్పారని, చివరికి ఆ విమానం కూలిపోయిందని చదివాను. అంత అనుభవం ఉన్నవారు అలా ఎలా మరచిపోతారు? ఊపిరాడకపోతే వారికి తెలియదా?
– ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

జవాబు: మీరు చదివినది 2005 ఆగస్టు 14న గ్రీసులో జరిగిన హీలియోస్ ఎయిర్‌వేస్ ప్రమాదం గురించి అయి ఉంటుంది. దాని సంగతి చెప్పే ముందు విమానంలో మనం పీల్చే గాలి గురించి కొంత చెప్పాలి. 35,000 అడుగుల ఎత్తున గాలి ఒత్తిడి సముద్రమట్టం దగ్గర ఉండేదానిలో నాలుగో వంతు మాత్రమే. అందుకని చాలా విమానాల్లో ఇంజన్ల నుంచి తీసిన వేడి గాలిని చల్లబరచి లోపలికి పంపుతూ, వెనుక భాగంలోని ఒక వాల్వు గుండా కావలసినంత మేరకే బయటికి వదులుతూ, క్యాబిన్‌లో ఒత్తిడిని నిలబెడతారు. అప్పటికీ లోపల 8,000 అడుగుల ఎత్తున ఉండేపాటి ఒత్తిడే ఉండవచ్చు. మన పాడేరు దగ్గరి అర్మకొండ ఎత్తు సుమారు 5,500 అడుగులు అనుకుంటే, అంతా సవ్యంగా ఉన్నప్పుడు కూడా ప్రయాణికులు దాన్ని మించిన ఎత్తులో ఊపిరి తీసుకుంటున్నట్లే లెక్క.

హీలియోస్ విమానం బోయింగ్ 737 రకానిది. వెనుక తలుపు దగ్గర ఏదో శబ్దం వస్తోందని అంతకుముందు నడిపిన సిబ్బంది ఫిర్యాదు చేయడంతో, ప్రమాదానికి కొద్ది గంటల ముందు ఇంజనీర్లు గాలి ఎక్కడైనా లీకవుతోందేమోనని పరీక్షించారు. ఆ పరీక్ష కోసం, క్యాబిన్ ఒత్తిడిని అదుపు చేసే ప్రెషర్ స్విచ్‌ను ‘ఆటో’ నుంచి ‘మాన్యువల్’కు మార్చి, మళ్లీ ‘ఆటో’కు తిప్పకుండానే వదిలేశారు. ‘మాన్యువల్’లో ఉంటే పైన చెప్పిన వాల్వు తనంతట తాను సర్దుకోదు కనుక, విమానం పైకి లేచినా లోపల ఒత్తిడి నిలబడలేదు. బయలుదేరే ముందు ఒకసారి, ఇంజన్లు వేసిన తరువాత ఒకసారి, గాలిలోకి లేచిన తరువాత మరొకసారి ఆ స్విచ్ ఏ స్థితిలో ఉందో గమనించే అవకాశం పైలట్లకు వచ్చింది. మూడుసార్లూ అది వారి కంట పడలేదు. రోజూ ఒకే చోట ఉండే స్విచ్‌ను చేతి అలవాటు మీద చూసి, అది ఉన్నట్లు కాక ఉండవలసినట్లే ఉందని మనసు అనుకునే ప్రమాదం అనుభవం ఎక్కువ ఉన్నవారికే ఎక్కువని నా అభిప్రాయం.

విమానం సుమారు 12,000 అడుగులు దాటుతుండగా హారన్ మోగింది. ఆ రకం విమానంలో క్యాబిన్ ఒత్తిడి తగ్గినప్పుడు మోగే హారనూ, టేకాఫ్‌కు విమానం సిద్ధంగా లేనప్పుడు నేల మీద మోగే హారనూ ఒక్కటే. పైలట్లు దాన్ని రెండోదిగా పొరబడ్డారు. అదే సమయంలో పరికరాలను చల్లబరిచే వ్యవస్థకు సంబంధించిన దీపం కూడా వెలగడంతో వారి దృష్టంతా దాని మీదికి పోయింది. ప్రెషర్ స్విచ్ ‘ఆటో’లో ఉందా అని కింద నుంచి ఇంజనీరు రేడియోలో సూటిగా అడిగినప్పుడు కెప్టెన్ దానికి జవాబివ్వకుండా, చల్లబరిచే వ్యవస్థ సర్క్యూట్ బ్రేకర్లు ఎక్కడున్నాయని తిరిగి ప్రశ్నించారు. నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కలచివేసేది ఆ మాటే, ఎందుకంటే అప్పటికే ఆయన మెదడుకు ఆక్సిజన్ చాలడం లేదు.

మీ రెండో ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. మనకు ఊపిరాడనట్లు అనిపించేది ప్రధానంగా ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయినప్పుడే. పలచని గాలిలో అది మామూలుగానే బయటికి పోతుంది కనుక ఉక్కిరిబిక్కిరి కావడం ఉండదు; కొందరికి తల తేలికగా, హాయిగా కూడా ఉంటుంది. తప్పును పట్టుకోవలసిన బుద్ధే ముందుగా మందగిస్తుంది. 35,000 అడుగుల దగ్గర ఒత్తిడి పూర్తిగా పోతే సక్రమంగా ఆలోచించగలిగే వ్యవధి అర నిమిషం నుంచి ఒక నిమిషం వరకే. అందుకే ఆ హెచ్చరిక వినగానే కారణం వెతకడానికి ముందే ఆక్సిజన్ మాస్కు పెట్టుకోవాలని, ఆ తరువాత 10,000 అడుగులకు దిగాలని పైలట్లకు నేర్పుతారు.

ఆటోపైలట్ విమానాన్ని 34,000 అడుగులకు చేర్చి, ఇంధనం అయిపోయే దాకా నడిపింది. గ్రీకు యుద్ధ విమానాలు పక్కకు వచ్చి చూసినప్పుడు కెప్టెన్ సీటు ఖాళీగా ఉంది, కోపైలట్ ఒరిగిపోయి ఉన్నారు. చివర్లో స్పృహలో ఉన్న ఒక క్యాబిన్ ఉద్యోగి కాక్‌పిట్‌లోకి వచ్చారు గానీ సమయం మించిపోయింది. మొత్తం 121 మంది చనిపోయారు. దీన్ని కేవలం పైలట్ల మరపు అని కొట్టిపారేయడం న్యాయం కాదు. రెండు వేర్వేరు ప్రమాదాలకు ఒకే శబ్దం పెట్టినవారికీ, స్విచ్‌ను తిప్పి వదిలేసినవారికీ ఇందులో భాగం ఉంది. తరువాత ఆ రకం విమానాల్లో రెండు హెచ్చరికలకూ వేర్వేరు దీపాలు పెట్టించారు.

అయినా మరపు పూర్తిగా పోలేదు. 2018 సెప్టెంబరు 20న ముంబై నుంచి జైపూర్‌కు బయలుదేరిన జెట్ ఎయిర్‌వేస్ విమానంలో ఇంజన్ గాలిని క్యాబిన్‌కు అందించే స్విచ్‌లను వేయడం సిబ్బంది మరచిపోయారు. మాస్కులు కిందికి జారాయి, దాదాపు 30 మందికి ముక్కు నుంచో చెవి నుంచో రక్తం వచ్చింది. విమానం వెనుదిరిగి ముంబైలో క్షేమంగా దిగింది. సకాలంలో కిందికి దిగితే ఇలాంటి పొరపాటు ప్రాణాల మీదికి రాదు. మీ అబ్బాయి ప్రయాణాల గురించి దిగులు పెట్టుకోకండి.

ప్రశ్న: మా నాన్నగారికి చాలా ఏళ్లుగా ఆయాసం ఉంది. విమానం ఎక్కించవచ్చా?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: ఆరోగ్యవంతులకు కూడా విమానంలో రక్తంలోని ఆక్సిజన్ శాతం కొంత తగ్గుతుంది, వారికి తెలియకుండానే గడిచిపోతుంది. ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారికి ఆ కొద్దిపాటి తగ్గుదలే ఇబ్బంది కావచ్చు కనుక టికెట్ కొనే ముందే ఛాతీ వైద్యుడికి చూపించండి. ప్రయాణంలో ఆక్సిజన్ అవసరమని ఆయన చెబితే ఎయిర్‌లైన్స్‌కు ముందుగా తెలియజేయాలి. ఇంట్లో వాడే సిలిండర్‌ను వెంట తీసుకువెళ్లవచ్చని అనుకోకండి.

ప్రశ్న: విమానంలో ఒత్తిడి తగ్గినప్పుడు పైనుంచి జారే ఆక్సిజన్ మాస్కుకు ఉన్న సంచి ఉబ్బకపోతే ఆక్సిజన్ రావడం లేదనా? పిల్లల కన్నా ముందు మనం పెట్టుకోమనడం తల్లికి ఎలా మనసొప్పుతుంది?
– ఒక పాఠకురాలు, సీతమ్మధార

జవాబు: సంచి ఉబ్బకపోయినా ఆక్సిజన్ వస్తూనే ఉంటుంది. చాలా విమానాల్లో మాస్కును ముఖం వైపు గట్టిగా లాగితేనే పైన ఉన్న రసాయన పరికరం పనిచేయడం మొదలుపెడుతుంది. అది వేడెక్కడం వల్ల కాలిన వాసన వస్తే కంగారుపడి మాస్కు తీసేయకూడదు. సుమారు 12 నిమిషాల పాటు ఆక్సిజన్ అందుతుంది; విమానం కిందికి దిగడానికి ఆ సమయం చాలు. ఇక బిడ్డ సంగతి. బిడ్డకు మాస్కు పెట్టబోయి తల్లి మధ్యలోనే స్పృహ తప్పితే ఇద్దరికీ దిక్కుండదు. తల్లి ముందు పెట్టుకుంటే, ఆ కొన్ని క్షణాల్లో బిడ్డ సొమ్మసిల్లినా మాస్కు పెట్టగానే తేరుకుంటుంది.