నీళ్ల కూలర్ వేరు, లిక్విడ్ కూలర్ వేరు

ప్రశ్న: మాది ఖమ్మం. పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. ఐ7-14700కె ప్రాసెసర్‌తో కొత్త సిస్టమ్ అసెంబుల్ చేయిస్తున్నా. మేడ మీద రేకుల గది, ఏసీ లేదు. మన ఎండలకి లిక్విడ్ కూలర్ తప్పదంటున్నాడు షాపతను. 240 సైజుది తొమ్మిదిన్నర వేలట. మామూలు ఫ్యాన్ కూలర్ సరిపోదా సార్? నీళ్లు కారితే మదర్‌బోర్డు పోతుందని టెన్షన్ కూడా ఉంది.

జవాబు: లిక్విడ్ అనగానే మనకి ఇంట్లో నీళ్లు పోసుకునే కూలర్ గుర్తొస్తుంది. అందులో నీళ్లు ఆవిరవుతాయి కాబట్టి గాలి చల్లబడుతుంది. కంప్యూటర్‌లో పెట్టేది అది కాదండీ, లారీ రేడియేటర్ లాంటిది. మూసేసిన గొట్టాల్లో తిరిగే ద్రవం ప్రాసెసర్ వేడిని మోసుకెళ్లి రేడియేటర్‌లో దింపుతుంది, అక్కడ ఆ వేడిని గదిలోకి ఊదేది మళ్లీ ఫ్యాన్లే. మీ రేకుల గదిలో 42 డిగ్రీలుంటే లిక్విడ్ కూలరైనా, ఫ్యాన్ కూలరైనా ప్రాసెసర్‌ని అంతకంటే కిందికి దించలేదు. కాబట్టి ఎండల పేరు చెప్పి లిక్విడ్ అంటగడితే నమ్మకండి.

అయితే మీ ప్రాసెసర్ నిజంగానే వేడి సరుకు. బేస్ పవర్ 125 వాట్లే అయినా ఫుల్ లోడులో 253 దాకా పోతుంది. లిక్విడ్ పెడితే మొదటి కొన్ని నిమిషాలు భలే ఉందనిపిస్తుంది, ద్రవం వేడెక్కడానికి టైం పడుతుంది కదా, కానీ మీరు మూడు గంటల పెళ్లి వీడియో రెండర్‌కి (ఎడిట్ చేసినదాన్ని ఫైనల్ వీడియోగా తయారు చేయడానికి) పెట్టి పడుకున్నారంటే ఆ ద్రవమూ కాగిపోయి, ఇక అంతా రేడియేటర్ సైజు మీదే ఆధారపడుతుంది. రేడియేటర్ 360 ఎంఎం సైజుదైతే తేడా తెలుస్తుంది. 240 మాత్రం రెండు టవర్లు (వేడిని లాగే రేకుల దొంతరలు), రెండు 120 ఎంఎం ఫ్యాన్లు ఉన్న మంచి ఎయిర్ కూలర్, అంటే మీరడిగిన ఫ్యాన్ కూలర్ కంటే పెద్దగా ముందుండదు, ఆ ఎయిర్ కూలరేమో సగం ధరకే వస్తుంది.

నేనైతే అదే పెట్టి, బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల్లో) పవర్ లిమిట్ 253 వాట్ల నుంచి 180 దగ్గరికి తగ్గిస్తాను. రెండర్ కాస్త ఆలస్యమవుతుంది, వేడి మాత్రం బాగా తగ్గుతుంది. బయోస్ ఎలాగూ అప్‌డేట్ చేయించాలి: 13, 14 తరాల ప్రాసెసర్లు ఎక్కువ వోల్టేజీతో పాడవుతున్నాయని తేలాక ఇంటెల్ 2024లో సరిచేసిన మైక్రోకోడ్ (ప్రాసెసర్‌ని నడిపే లోపలి కోడ్, బయోస్ అప్‌డేట్‌తో వస్తుంది) ఇచ్చింది, అది లేకుండా ఏ కూలర్ పెట్టినా లాభం లేదు.

కారడం అరుదు. నా భయం లిక్విడ్ కూలర్‌లో ద్రవాన్ని తిప్పే పంప్ గురించి. ఎయిర్ కూలర్ ఫ్యాన్ పోతే కొన్ని వందలతో కొత్తది తగిలించుకోవచ్చు, ఈలోపు చిన్నాచితకా పని నడుస్తుంది. పంప్ ఆగిందా, కాసేపట్లోనే సిస్టమ్ నెమ్మదించి ఆఫ్ అవుతుంది, మొత్తం సెట్టు మార్చాల్సిందే, అదీ సరిగ్గా మీ పెళ్లిళ్ల సీజన్లో జరిగితే!

కొనేముందు క్యాబినెట్‌లో ఎంత ఎత్తు కూలర్ పడుతుందో చూడండి. ఇలాంటివి 155 నుంచి 165 ఎంఎం దాకా ఉంటాయి, ఎత్తైన ర్యామ్ అయితే ముందు ఫ్యాన్‌కి తగలొచ్చు. చిన్న క్యాబినెట్ ముందే కొనేసి ఉంటే మాత్రం అప్పుడు లిక్విడ్ గురించి ఆలోచించండి. లేదంటే మిగిలిన డబ్బుతో ఆ రేకుల మీద కూల్ రూఫ్ పెయింట్ వేయించండి, ప్రాసెసర్‌తో పాటు మీకూ చల్లగా ఉంటుంది.