కెమిస్ట్రీ చదువుతానంటున్న అమ్మాయి కోసం పొలం అమ్మాలా?

ప్రశ్న: మాది నరసన్నపేట. మావారికి 46 ఏళ్లు. బట్టల షాపులో పని, నెలకు 15 వేలు. నేను ఇంట్లో బ్లౌజులు కుడితే ఓ 4 వేలు వస్తాయి. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ మంచి మార్కులతో పాసైంది కానీ ఈఏపీసెట్‌లో ర్యాంకు రాలేదు. శ్రీకాకుళం ప్రభుత్వ మహిళా డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ తీసుకుంటానంటోంది. మా మరిదేమో ‘డిగ్రీతో ఏమొస్తుంది వదినా, విశాఖలో మేనేజ్‌మెంట్ సీటు కొని బీటెక్‌లో చేర్చండి’ అంటున్నాడు. ఫీజు ఏడాదికి లక్షా 40 వేలు, హాస్టల్ 80 వేలు. చీటీ పూర్తయి చేతికొచ్చిన 4 లక్షలున్నాయి. 30 సెంట్ల పొలం అమ్మితే 3 లక్షలు వస్తాయి. తక్కువైంది రెండు రూపాయల వడ్డీకి తేవచ్చంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మీ మరిదిగారి లెక్కే వేసి చూద్దాం. ఏడాదికి 2 లక్షల 20 వేల చొప్పున నాలుగేళ్లకు 8 లక్షల 80 వేలు. చీటీ డబ్బు, పొలం డబ్బు రెండూ ఊడ్చేసినా ఇంకా 2 లక్షల దాకా అప్పు తప్పదు. నూటికి రెండు రూపాయలంటే వినడానికి చిన్నదిగానే ఉంటుంది, కానీ అది ఏడాదికి 24 శాతం. 2 లక్షలకు నెలకు 4 వేలు. అంటే మీరు నెలంతా మిషన్ తొక్కి సంపాదించేది నేరుగా వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. పైగా మేనేజ్‌మెంట్ కోటాకు ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించదు. కన్వీనర్ కోటాలో సీటు వచ్చి, అమ్మాయికీ ఇష్టమై ఉంటే వేరే మాట. ఇష్టంలేని చదువును పొలం అమ్మి కొనిపెట్టడం నాకు సబబుగా తోచలేదు.

అలాగని కెమిస్ట్రీ డిగ్రీ చేతికి రాగానే మంచి జీతం వచ్చేస్తుందని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను. మన జిల్లాలో ఈ చదువుకు కళ్లెదుట కనిపించే దారి పైడిభీమవరం. అక్కడి ఫార్మా కంపెనీల్లో బీఎస్సీ పిల్లల్ని తీసుకుంటారు. పని ఎక్కువగా ప్రొడక్షన్‌లోనో క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లోనో ఉంటుంది. శాంపిల్ తెచ్చుకోవడం, మందులో ఏది ఎంత ఉందో కొలిచే హెచ్‌పీఎల్‌సీ మిషన్‌కి ఎక్కించడం, వచ్చిన రీడింగ్‌ని తేదీ, టైమ్, సంతకంతో సహా రికార్డులో రాయడం, ఒక్క అంకె కొట్టివేసినా ఎందుకు కొట్టేశారో పక్కన రాయడం. షిఫ్టులుంటాయి. మొదట్లో జీతం మీవారి జీతానికి కాస్త అటూఇటూగా ఉంటుందనుకోండి. ఆర్గానిక్‌లోనో అనలిటికల్‌లోనో ఎమ్మెస్సీ చేసినవాళ్లకు మాత్రం తలుపులు ఇంకొన్ని తెరుచుకుంటాయి. రీసెర్చ్ విభాగాలు, లెక్చరర్ ఉద్యోగాలు, పీహెచ్‌డీ అన్నీ అటువైపే ఉన్నాయి. సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధక విద్యార్థులకిచ్చే ఫెలోషిప్) తెచ్చుకుంటే పరిశోధన చేసే రోజుల్లోనే నెలకు 37 వేలు వస్తాయి.

కాబట్టి కెమిస్ట్రీలో అసలు ఖర్చు డిగ్రీ దగ్గర కాదు, ఆ తర్వాత వచ్చే రెండేళ్ల దగ్గర. ఇప్పుడు చేతిలో డబ్బుంది కదా అని డిగ్రీకే ప్రైవేటు కాలేజీ, హాస్టల్ అంటూ ఖర్చు పెట్టేస్తే, తీరా ఎమ్మెస్సీ సీటు వచ్చే వేళకు చేతిలో ఏమీ ఉండదు. ఎక్కువమంది ఇళ్లల్లో చదువు ఆగిపోయేది అక్కడే.

మీ అమ్మాయి ఎంచుకున్న కాలేజీ ఈ లెక్కకు సరిగ్గా సరిపోతుంది. ప్రభుత్వ కాలేజీ కాబట్టి ఫీజు భారం తక్కువ. ఇంట్లో అన్నం తిని బస్సెక్కి వెళ్లొచ్చు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు, కాబట్టి బస్సు పాసు ఖర్చు కూడా లేనట్టే. ఇక మిగిలేది ల్యాబ్ కోటు, రికార్డులు, పుస్తకాలు, పరీక్ష ఫీజులు. ప్రధాన సబ్జెక్టు కెమిస్ట్రీ సరే, దాంతోపాటు రెండో సబ్జెక్టు ఏది తీసుకుంటుందో కూడా అడగండి. రేపు బీఈడీ చేసి టీచర్ అవ్వాలనిపిస్తే ఫిజిక్స్ ఉండటం మంచిది, బడిలో భౌతిక రసాయన శాస్త్రాలు రెండూ ఒకే టీచరు చెప్పాలి కదా.

ఇప్పుడు ఆ 4 లక్షల సంగతి. 3 లక్షలు మీ పేరున పోస్టాఫీసులో మూడేళ్ల టైమ్ డిపాజిట్ వేయండి. ఇప్పుడున్న 7.1 శాతం లెక్కన ఏడాదికోసారి సుమారు 21,800 రూపాయల వడ్డీ చేతికొస్తుంది. డిగ్రీ మూడేళ్ల ఖర్చు ఆ వడ్డీలోనే గడిచిపోవాలి, అసలు జోలికి వెళ్లొద్దు. మిగిలిన లక్షలో ఓ 20 వేలు ఈ ఏడాది ఖర్చులకు ఉంచుకుని, 80 వేలు బ్యాంకులో విడిగా ఎఫ్‌డీ చేయండి. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే తీసే డబ్బు అది. ఫ్రిజ్జులకూ పెళ్లి చదివింపులకూ కాదు.

నెలకు 2 వేలు దాచగలిగితే బ్యాంకులో 36 నెలల రికరింగ్ డిపాజిట్ కట్టండి. పోస్టాఫీసు ఆర్‌డీ వద్దంటున్నాను. కారణం, అది ఐదేళ్లది. మూడేళ్లకే మూసేస్తే ఆర్‌డీ వడ్డీ ఇవ్వరు, సేవింగ్స్ ఖాతా వడ్డీ లెక్కగడతారు. ఇది కట్టడం మొదలుపెట్టేటప్పుడు చాలామంది అడగరు. బ్యాంకు ఆర్‌డీలో మూడేళ్లకు 80 వేల దగ్గరికి చేరుతుంది. డిపాజిట్ అసలుతో కలిపితే 3 లక్షల 80 వేలు. ఎమ్మెస్సీ రెండేళ్లకు నెలకు 15 వేల చొప్పున తీసినా సరిపోతుంది. ఎచ్చెర్ల అంబేద్కర్ యూనివర్సిటీలో సీటు వస్తే ఇందులో సగం మిగలవచ్చు. ఆంధ్రా యూనివర్సిటీ అయితే హాస్టల్ పడుతుంది. ఎమ్మెస్సీ ప్రవేశాలకు జరిగే పీజీసెట్ కౌన్సెలింగ్‌లో రెగ్యులర్ సీటా, ఎక్కువ ఫీజుండే సెల్ఫ్ ఫైనాన్స్ సీటా అన్నది చూసి ఆప్షన్ పెట్టమనండి. ఫీజులో తేడా అక్కడే వస్తుంది.

అప్పటికీ తక్కువైతే బ్యాంకు విద్యారుణం ఉంది. 4 లక్షల వరకు తనఖా అడగరు, కోర్సు అయ్యాక మరో ఏడాది దాకా వాయిదాలు మొదలవ్వవు. రెండు రూపాయల వడ్డీవాళ్ల గుమ్మం తొక్కాల్సిన పనే లేదు.

స్కాలర్‌షిప్పుల విషయంలో కాస్త చురుగ్గా ఉండండి. ఇంటర్‌లో బోర్డు మొత్తంలో పై 1 శాతంలో ఉన్నవాళ్లు బీఎస్సీలో కెమిస్ట్రీ లాంటి మూల విజ్ఞానాలు చదివితే కేంద్రం ఇన్‌స్పైర్ కింద ఏడాదికి 80 వేలు ఇస్తుంది. అందులో 60 వేలు నేరుగా ఖాతాలోకి, 20 వేలు వేసవి ప్రాజెక్టుకు. ఇంజినీరింగ్ వాళ్లకు ఇది లేదు, మీ మరిదిగారికి చెప్పండి. అది అందకపోతే సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్ ఉంది, డిగ్రీలో ఏడాదికి 12 వేలు. మీ ఆదాయం దాని పరిమితి లోపే ఉంది. అయితే రాష్ట్రం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకునేవాళ్లకు ఇది ఇవ్వరు. ప్రభుత్వ కాలేజీ ఫీజు ఎంతో రసీదు చూసి, ఏది ఎక్కువో తేల్చుకుని ఒకదానికే పెట్టండి. ఆదాయ ధ్రువపత్రం ఇప్పుడే సచివాలయంలో తీయించి ఉంచుకోండి, గడువు రోజుల్లో సర్వర్ మొరాయిస్తే టెన్షన్ తప్పదు.

‘ఫార్మాలో జాబ్ గ్యారంటీ’ అంటూ డిగ్రీ చివర్లో వేలకు వేలు కట్టించుకునే కోచింగులు వస్తాయి. ల్యాబ్‌లో మిషన్ చూపించకుండా సర్టిఫికెట్ మాత్రమే ఇచ్చేచోట రూపాయి కట్టకండి.

చివరిగా, మీరు అడగకపోయినా ఒక మాట. ఈ లెక్కంతా మీవారి 15 వేల మీద నిలబడి ఉంది. ఆయన బ్యాంకు ఖాతాకు ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ఏడాదికి 436 రూపాయలు, సురక్షా బీమా 20 రూపాయలు కట్టించండి. మొదటిదాంట్లో చేరడానికి 50 ఏళ్ల వరకే అవకాశం, ఆయనకు ఇంకా సమయముంది. అమ్మాయికి 18 నిండకపోతే ఫారంలో నామినీగా మీ పేరే రాయించండి.