ఎల్‌ఎస్‌ఐఎల్ అంటే క్యాన్సర్ కాదక్కా

అక్కా, డల్లాస్‌లో చదువుతున్న మీ 19 ఏళ్ల అమ్మాయికి పాప్ స్మియర్‌లో (గర్భాశయ ముఖద్వారం దగ్గర కణాలు తీసి చేసే పరీక్షలో) "ఎల్‌ఎస్‌ఐఎల్" వచ్చిందని నిద్రపోవట్లేదన్నారు. ముందు ఆ టెన్షన్ తగ్గించుకోండి. అది క్యాన్సర్ కాదు. శారీరక సంబంధం ద్వారా అంటుకునే హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల గర్భాశయ ముఖద్వారం దగ్గర కణాలు కాస్త మారాయి, అంతే. ఈ వయసులో చాలామందికి ఒకటి రెండేళ్లలో దానంతటదే సర్దుకుంటుంది. అసలు అమెరికాలో మామూలుగా 21 ఏళ్లలోపు ఈ పరీక్షే చెయ్యరు, ఎందుకు చేశారో అడగండి.

సాధారణంగా ఏడాది తర్వాత మళ్లీ పరీక్ష చేస్తారు. ఇప్పుడే లీప్ చేసి (అంటే కరెంటు తీగతో కోసి) అక్కడి ముక్క తీసేద్దామంటే తొందరపడి ఒప్పుకోకండి, ఇంకో డాక్టర్‌కి చూపించండి. దానివల్ల రేపు నెలలు నిండకుండానే కాన్పయ్యే ప్రమాదం కొంత పెరుగుతుంది. రిపోర్టు మళ్లీ చూడండి, మొదటి అక్షరం "ఎల్" కాక "హెచ్" అయితే, అంటే మార్పు ఎక్కువగా ఉంటే మాత్రం కాల్పోస్కోపీ (ముఖద్వారాన్ని భూతద్దం లాంటి పరికరంతో చూసే పరీక్ష) తప్పదు.

అన్నట్టు, ఎవరివల్ల వచ్చిందని పిల్లను నిలదీయకండి. హెచ్‌పీవీ టీకా వేయించకపోతే ఇప్పుడైనా వేయించండి, 3 డోసులు.