పరిశోధనను అందరికీ తెరిచి పెడితే ఎవరైనా కొట్టేస్తారా?

"ఫిజిక్స్‌లో ఉన్న మా రూమ్మేట్ పేపర్ రాయగానే ఆర్కైవ్ (arXiv) అనే ఉచిత సైట్‌లో అందరూ చదివేలా పెట్టేస్తాడు. చరిత్రలో పీహెచ్‌డీ చేస్తున్న నేనూ అలా పెట్టొచ్చా? ఎవరైనా కొట్టేస్తే?" అని అడిగారు. తప్పకుండా పెట్టండి. కానీ అతని పద్ధతి మీకు సరిపోదు.

నాదీ చరిత్రే, చెరువుల మీద చేశాను. మీ భయమే నాకూ ఉండేది. మూడేళ్లు ఊళ్లు తిరిగి రాసుకున్న నోట్సు ఎవరికీ చూపించలేదు. డిగ్రీ వచ్చాక థీసిస్ శోధగంగలో, అంటే మన దేశపు థీసిస్‌లు ఉంచే సైట్‌లో, చేరింది. 2009 యూజీసీ నిబంధనల నుంచీ అది మామూలే. ఇంక అందరికీ అందుబాటులో ఉన్నట్టేగా అనుకున్నాను.

ఒక సెమినార్‌లో నీటి వనరుల ఇంజినీరింగ్ చేస్తున్న అమ్మాయి పరిచయమైంది. ఆమెకు కావలసింది పాత చెరువుల అలుగుల కొలతలు, అంటే చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే కట్టడాలవి. నా థీసిస్‌లో 38 చెరువులవి ఉన్నాయి. ఏడాదిగా వెతుకుతున్నా ఆమెకు అది దొరకలేదు. అక్కడే ల్యాప్‌టాప్‌లో నా పీడీఎఫ్ తెరిచి 'అలుగు' అని వెతికాం. ఒక్కటీ రాలేదు. పేజీలో ఆ మాట కళ్లెదుటే ఉంది! ఆ లైను కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో వేస్తే ఇంగ్లీషు అక్షరాలూ, ఏవేవో గుర్తులూ వచ్చాయి. డీటీపీ సెంటర్లో యూనికోడ్ (కంప్యూటర్లన్నీ ఒకేలా గుర్తుపట్టే అక్షరాల పద్ధతి) కాని పాత ఫాంట్‌లో కొట్టించాను మరి. మన కంటికి అది తెలుగే, కంప్యూటర్‌కు కాదు. ఆ రోజు నాకు నిజంగా ఏడుపొచ్చింది.

ఇంకో చిక్కు మాటలతో. నేను అలుగు అని రాశాను. వరంగల్ వైపు మత్తడి అంటారు, అనంతపురంలో మరువ. ఆమె వెతికింది 'సర్‌ప్లస్ వియర్' అని. అందరూ చెప్పేది నీళ్లు పొర్లిపోయే ఆ కట్టడం గురించే.

అప్పుడు కూర్చుని పట్టికలన్నీ యూనికోడ్‌లో మళ్లీ కొట్టాను. చివర పదకోశం, ముందు ఇంగ్లీషులో ఒక పేజీ సారాంశం చేర్చి జెనోడోలో పెట్టాను. యూరప్‌లోని ఫిజిక్స్ పరిశోధన సంస్థ సెర్న్ వాళ్లు నడిపే ఆ సైట్‌లో పైసా కట్టక్కర్లేదు. పెట్టిన తేదీతో సహా డీఓఐ అనే శాశ్వత గుర్తింపు నంబరు ఇస్తారు. కొట్టేస్తారన్న టెన్షన్‌కు నాకు దొరికిన మందు అదే. ఫలానా రోజుకే ఇది నా దగ్గర ఉందని చెప్పడానికి అంతకన్నా రుజువు ఏం కావాలి? సీసీ బై లైసెన్స్ ఇచ్చాను, అంటే నా పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు. ఆ అమ్మాయి వాడుకుంది, పేరూ చెప్పింది. పైగా రెండు చెరువుల దగ్గర నేను గజాలను మీటర్లుగా రాశానని పట్టుకుంది. మా డిపార్ట్‌మెంట్‌లో ఇంతమంది చదివినా ఆ తప్పు ఎవరి కంటా పడలేదు.

ఇక మీ రూమ్మేట్ సంగతి. 1991లో ఆర్కైవ్ రాకముందే ఫిజిక్స్ వాళ్లు అచ్చుకాని పేపర్లను పోస్టులో ఒకరికొకరు పంపుకునేవారు. వాళ్లకది ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. మనకు థీసిస్ రేపు పుస్తకం కావాలి, కాబట్టి ప్రచురణకర్త ఏమంటారో ముందే కనుక్కోండి. జర్నల్‌కు పంపే వ్యాసమైతే, అంగీకారం పొందిన ప్రతిని రచయిత బయట పెట్టుకోవచ్చో లేదో వాళ్ల నిబంధనల్లో ఉంటుంది. ఫార్మసీ, ఇంజినీరింగ్ మిత్రులకైతే నా మాట వేరు: పేటెంట్ ఆలోచన ఉంటే దరఖాస్తు చేసేదాకా బయట పెట్టకండి.

ఒకటి మాత్రం నేను ఎప్పటికీ బయటపెట్టను: రైతులు నన్ను నమ్మి చెప్పిన మాటలు. శిఖం భూమి (చెరువు లోపలి నేల) ఎవరు దున్నుతున్నారో, తూము ఎవరు మూశారో పేర్లతో సహా చెప్పారు. ఆ పేర్లు, సర్వే నంబర్లు అన్నీ తీసేశాకే ఫైలు ఎక్కించాను. మీరూ ఇంటర్వ్యూలు చేసి ఉంటే ఆ పని ముందు చూడండి.

ఇవాళే మీ డ్రాఫ్ట్ పీడీఎఫ్ తెరిచి, అందులో ఉందని మీకు తెలిసిన ఒక తెలుగు మాట వెతకండి. రాకపోతే టైపింగ్ ఇప్పుడే యూనికోడ్‌కు మార్చుకోండి. నాలా 300 పేజీలయ్యాక మారిస్తే నెలలు పడుతుంది.