వంశపారంపర్య జబ్బుతో కుక్క పోయాక మళ్లీ అదే జాతిని తెచ్చుకోవచ్చా?

మీ తొమ్మిదేళ్ల జర్మన్ షెపర్డ్ వెన్నుపాము జబ్బుతో పోయి రెండు నెలలైందని, పిల్లలు మళ్లీ అలాంటిదే కావాలంటున్నారని, తెస్తే పోయినదానికి ద్రోహం చేసినట్టవుతుందేమోనని రాశారు. మా ఇంట్లోనూ ఇదే జాతి, ఇదే జబ్బు. కాబట్టి సూటిగా చెబుతాను: తెచ్చుకోండి, అది ద్రోహం కాదు. కానీ పోయినవాడి మొహం కోసం మాత్రం వెతకకండి. నేను చేయబోయిన తప్పు అదే.

మాది కడప. ఇల్లంతా కడప బండలే. మా భైరవుడి జబ్బును నేను ముందు చూడలేదు, విన్నాను. ఎనిమిదేళ్లు దాటాక, వాడు వంటగదిలోకి వస్తుంటే వెనక కాళ్ల గోళ్లు బండ మీద గీరుకుంటున్న చప్పుడు వచ్చేది. వయసు మీద పడుతోందిలే అనుకున్నాను. ఒకరోజు స్నానం చేయిస్తూ చూస్తే వెనక పాదాల్లో మధ్య గోళ్లు రెండూ అరిగిపోయి, మొదళ్లలో నెత్తురు చెమర్చి ఉంది. ప్రొద్దుటూరు పశువైద్య కళాశాలకు తీసుకెళ్లాం. అక్కడి డాక్టరు గారు వాడి వెనక పాదాన్ని మడిచి, వేళ్ల పైభాగం నేలకు ఆనేలా పెట్టారు. ఆరోగ్యంగా ఉన్న కుక్క వెంటనే పాదం సరిచేసుకుంటుందట. మావాడు అలాగే నిలబడి నా వైపు చూస్తూ తోక ఊపాడు. తన పాదం తిరగబడి ఉందన్న సంగతే వాడికి తెలియడం లేదు.

ఎక్స్‌రేలు తీసి, మిగతా కారణాలన్నీ ఒక్కొక్కటే కాదనుకున్నాక డీజనరేటివ్ మైలోపతీ, అంటే వెన్నుపాము మెల్లమెల్లగా దెబ్బతినే జబ్బు, అయి ఉంటుందన్నారు. నొప్పి ఉండదు, నయం చేసే మందూ లేదు. పది నెలల పాటు పొట్ట కింద తువ్వాలు వేసి ఎత్తిపట్టుకుని నడిపించాం. జారిపడకుండా ఇంటినిండా గోనెసంచులు పరిచాం. ఆ తర్వాతి సంగతి మీకు తెలుసు, రాయను.

వాడు పోయిన మూడో వారంలోనే వాడిని అమ్మిన మనిషి నుంచి ఫోను వచ్చింది. అదే వంశంలో కొత్త ఈత ఉందని ఫొటో పంపాడు. అదే నల్లటి మూతి, అదే విధంగా కాస్త వాలిన ఎడమ చెవి. చూసి ఏడ్చేశాను. బయానా పంపబోతుండగా మా ఆయన ఆపి, ముందు డాక్టరు గారిని ఒక మాట అడుగుదామన్నారు. డాక్టరు గారు వివరించిన తర్వాత నా చేయి ఆగిపోయింది.

ఈ జబ్బుకు ఎస్‌ఓడీ1 అనే జన్యువులోని మార్పుతో సంబంధం ఉందని 2009లో పరిశోధకులు కనుగొన్నారు. ప్రతి కుక్కకూ ఆ జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. రెండూ చెడ్డవైతేనే దాదాపుగా జబ్బు ప్రమాదం. ఒకటే చెడ్డదైతే ఆ కుక్క హాయిగా బతుకుతుంది, కానీ చెడ్డదాన్ని పిల్లలకు అందించగలదు. అలాంటి రెండింటిని జత కట్టిస్తే పుట్టే ప్రతి పిల్లకూ రెండు చెడ్డవీ వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. రెండూ చెడ్డవైనంత మాత్రాన జబ్బు వచ్చి తీరుతుందనీ లేదు.

అమ్మేవాళ్లు “తల్లిదండ్రులను చూసుకోండి, ఎంత దిట్టంగా ఉన్నాయో” అంటారు. ఆ మాటలో అబద్ధం ఉండకపోవచ్చు. కానీ ఈ జబ్బు సాధారణంగా ఎనిమిదేళ్ల ప్రాంతంలో బయటపడుతుంది, పిల్లలను తీసేదేమో రెండు మూడేళ్ల వయసులో. మూడేళ్ల తల్లి పరుగెత్తడం చూసి ఏం తెలుస్తుంది? కాగితం చూడాలి. బుగ్గ లోపల పుల్లతో తుడిచి చేసే జన్యు పరీక్ష ఉంది. తల్లిదండ్రుల్లో ఒక్కదానికి రెండు జన్యువులూ మంచివని తేలినా, పుట్టే పిల్లల్లో ఏ ఒక్కదానికీ రెండు చెడ్డవి రావు. ఈ జాతికి తుంటి కీళ్ల బెడద కూడా ఎక్కువ కాబట్టి, తల్లిదండ్రులకు రెండేళ్లు నిండాక తీసిన తుంటి ఎక్స్‌రేలు కూడా అడగండి.

నేను అడిగిన మొదటి ముగ్గురిలో ఇద్దరు ఫోను పెట్టేశారు. మూడో ఆయన, అలాంటి పరీక్ష చేయించలేదమ్మా అని నిజం చెప్పాడు. ఆయన మీద నాకు గౌరవమే. కాగితాలు చూపించేవాళ్లు దొరకడానికి ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలలూ నాకు అవసరమైనవే అనిపిస్తుంది. మీరు అంతకాలం ఆగాలని కాదు, పిల్లల తొందర కోసం కాగితం లేని కూనను మాత్రం తేవద్దు. వీధికుక్క పిల్లను పెంచుకున్నా మంచిదే. దానికి జబ్బులే రావని కాదు గానీ, ఒకే వంశంలో మళ్లీ మళ్లీ జత కట్టించిన కుక్కల కంటే ఇలాంటి లోపం రెండు వైపుల నుంచీ కలిసొచ్చే అవకాశం తక్కువ. మన ఎండలకూ అది తట్టుకుంటుంది. ఈ దట్టమైన బొచ్చు కుక్కకు మే నెలలో మన ఊళ్లు నరకమే, తెస్తే ఎండలు తగ్గాక తెండి.

ఒక చిన్న సంగతి. ఇది అంటుకునే జబ్బు కాదు, పాత గిన్నె, పరుపు కడిగి వాడుకోవచ్చు. పార్వో అనే అంటువ్యాధితో పోయి ఉంటే వేరే జాగ్రత్తలు చెప్పేదాన్ని. నేను మాత్రం భైరవుడి గిన్నె తీసి దాచాను.

వచ్చింది ఆడపిల్ల, పేరు తార. మొదటి రోజు రెండుసార్లు భైరవా అని పిలిచాను, రెండుసార్లూ పలకలేదు. వాడు ఉరుముకు మంచం కిందికి దూరేవాడు, ఇది వానలోకి పరుగెడుతుంది. వాడిలా గడప దగ్గర పడుకోదు, నా కాళ్ల మీదే పడుకుంటుంది. ఇప్పుడు దానికి ఐదేళ్లు. కాగితాలు బీరువాలోనే ఉన్నా, అది వంటగదిలోకి వచ్చేటప్పుడు నా చెవి బండల వైపే ఉంటుంది. ఇది రాస్తుండగానే ఒకసారి వచ్చి వెళ్లింది. టకటకమని నాలుగు కాళ్ల చప్పుడు, గీరుకోవడం లేదు.