ఓబులమ్మ ఏడవకూడదు

అనంతపురం

చిరంజీవి పాపకు,

ఓబులమ్మ అనే పల్లె పిల్ల మీద నువ్వు వేసిన బొమ్మల కథ పేజీల కవరు అందింది. నీ గీత శుభ్రంగా ఉంది, చెయ్యి బాగా తిరిగింది. మెచ్చుకోలు ఇంతటితో ఆపుతాను. ఐదో పేజీ చూసినప్పటి నుంచీ నాకు మనసు కుదురుగా లేదు.

ఆ పేజీలో ఓబులమ్మ వాళ్ళ నాయన అప్పు చేసి బోరు వేయిస్తున్నాడు. రాడ్డు మీద రాడ్డు దిగుతోంది, పైకి దుమ్మే లేస్తోంది, తడి లేదు. తెల్లటి రాతిపొడి ఆయన మీసాల మీద పడినట్టు వేశావు. అది కళ్ళారా చూసినోళ్ళకే తెలుస్తుంది. మరి ఆ పక్క గడిలోనే ఓబులమ్మ నోరంతా తెరిచి, చెంపల మీద రెండు కాలవలు పారిస్తూ ఏడుస్తోందే! నాకు కోపమొచ్చింది పాపా. అప్పిచ్చిన మనిషి ఎదురుగా ఉన్నాడు, ఊరు ఊరంతా చుట్టూ ఉంది, నాయన బిడ్డ వైపే చూస్తున్నాడు. పద్నాలుగేళ్ళ పిల్ల అట్లా బయటపడుతుందా? మన పల్లెల్లో ఆడపిల్లలు ఇంటికి పోయి, నీళ్ళ తొట్టి దగ్గర మొహం కడుక్కునే సాకుతో ఏడుస్తారు. నాయన ముందు ఏడిస్తే ఆయన ఇంకా కుంగిపోతాడని ఆ వయసుకే తెలుసు వాళ్ళకు.

దీనికి మూలం నువ్వు పంపిన ఆ పన్నెండు గడుల ఎక్స్‌ప్రెషన్ షీటే. కోపం, సంతోషం, భయం, సిగ్గు అంటూ ఒకే తలకాయను పన్నెండు సార్లు వేసి నోరు మాత్రం మార్చావు. ఈ కాలపు పిల్లలందరూ ఇదే సాధన చేస్తున్నారు. జపాన్ బొమ్మల పెద్ద కళ్ళు తెచ్చి సీమ మొహాలకు అతికిస్తున్నారు. అక్కడి చిత్రకారులు వాళ్ళ మనుషుల్ని చూసి వాళ్ళ పద్ధతి కట్టుకున్నారు. మనం మన మనుషుల్ని చూడకుండా వాళ్ళ పద్ధతి ఎత్తుకొస్తే ఏమొస్తుంది? ఎదురుగా ఎవరూ లేని మొహంలో భావం ఉండదు. లోపల పొంగేది ఒకటి, ఎదుటివాళ్ళకు కనిపించనిచ్చేది ఇంకొకటి. ఆ రెండింటి పెనుగులాటే మొహం మీద ఆడుతుంది. నువ్వు గీయాల్సింది దాన్ని.

నాట్యశాస్త్రం రాసిన భరతుడు నాట్యానికి చూపులే 36 చెప్పాడు. కనుబొమలకు విడిగా 7 కదలికలు చెప్పాడు. నీ షీటులో కనుబొమలు రెండే రకాలు, పైకి, కిందికి. ఆశ్చర్యంలో కనుబొమలు ఊరికే పైకి వంపు తిరుగుతాయి. భయంలో పైకి లేస్తూనే ఒకదాని వైపు ఒకటి లాక్కుంటాయి, అందుకే నొసటి నడుమ ముడతలు పడతాయి. దుఃఖంలో ముక్కు వైపు కొసలు మాత్రమే లేస్తాయి. అద్దం ముందు కూర్చుని కావాలని అట్లా లేపి చూడు, చాలామందికి చేతకాదు. నోరు అబద్ధమాడినంత సులువుగా కనుబొమ ఆడలేదు. నువ్వేమో నోటి మీదనే పడ్డావు.

నాకు ఇదంతా నేర్పింది కక్కలపల్లి టమోటా మండీ. ఇప్పటికీ వేలం పాడే వేళకు పోయి ఓ మూల నిలబడతాను. ఒకసారి ఒక రైతు సరుకుకు మరీ తక్కువ రేటు పలికింది. ఆయన మొహం కదల్లేదు. కింది రెప్ప కొంచెం బిగిసింది, గొంతు ముడి పైకి పోయి దిగింది, తువ్వాలు ఎడమ భుజం మీది నుంచి కుడి భుజం మీదికి మారింది. పక్క రైతు ఏదో అంటే నవ్వాడు కూడా. ఆ నవ్వులో పెదాల కొసలు లేచాయి గానీ కళ్ళ చుట్టూ ఏమీ కదల్లేదు. 1862లో ఫ్రాన్సులో డుషెన్ అనే వైద్యుడు మొహం కండరాలకు కరెంటు తగిలించి చెప్పిన సంగతి కూడా ఇదే: పెదాల్ని మనం కావాలని లాగగలం, నిజమైన సంతోషానికి మాత్రం కంటి చుట్టూ ఉన్న కండరం కూడా ముడుచుకుంటుంది. ఓబులమ్మ నవ్వే గడులన్నీ తీసి కింది రెప్పలు చూసుకో. అన్ని నవ్వులూ ఒకటే.

ఆ రైతు బొమ్మనే నేను ఒక వారపత్రికలో కథకు వేశాను. సంపాదకుడు ‘ఏడుపేదీ, పాఠకుడికి అర్థం కావద్దా’ అన్నాడు. నేను మార్చనన్నాను. ఆఫీసులో ఇంకెవరి చేతనో తెల్ల ఇంకుతో రెండు కన్నీటి చుక్కలు పెట్టించి అచ్చేశాడు. పాఠకుడికి ఏదీ అర్థం కాదని నమ్మేవాళ్ళే మన పత్రికల్లో బొమ్మను చంపారు. ఆ కోపం నాకు ఇంకా పోలేదు, పోనివ్వను కూడా.

ధర్మవరం దగ్గర నిమ్మలకుంటకు ఒకసారి పోయిరా. 2020లో పద్మశ్రీకి ఎంపికైన తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారి ఊరు. తోలుబొమ్మను చేత్తో పట్టుకుని చూడు. మేకతోలు మీద చెక్కిన మొహం, చాలావాటికి పక్కవాటు చూపు, కన్ను ఒక్కటే కనిపిస్తుంది. అది తెరవదు, మూయదు. అయినా సీతమ్మ శోకం తెర ముందు కూర్చున్న జనానికి అందుతుంది. చెయ్యి ఎంతసేపట్లో లేచింది, నడక ఎక్కడ ఆగింది, ఆడించేవాళ్ళ గొంతు ఎక్కడ తగ్గింది, అన్నీ కలిసి ఆ కదలని మొహానికి ప్రాణం పోస్తాయి. నీ ఓబులమ్మకు మెడ కింద ఒళ్ళే లేదు. అన్ని గడుల్లోనూ తలకాయే.

బొమ్మలు వేసుకోవడానికి ఏ ట్యాబ్లెట్ కొనాలని అడిగావు. ఇప్పుడేమీ కొనొద్దు.

ఇంకొక సంగతి. ఏడో పేజీ అంచున, పెన్సిల్‌తో వేసి సగం చెరిపేసిన చిన్న బొమ్మ ఉంది. ఓబులమ్మ పక్కకు చూస్తూ, కింది పెదవి లోపలికి మడిచి, లంగా కుచ్చిళ్ళు పిడికిట్లో పట్టుకుని ఉంది. దాన్ని ఎందుకు చెరిపావు? చాలాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాను. ఈ మొత్తం కవరులో ఓబులమ్మ ఉన్నది ఆ బొమ్మలోనే.

ఐదో పేజీ మళ్ళీ వెయ్యి. అదే బోరు, అదే దుమ్ము, కన్నీటి చుక్క ఒక్కటీ లేకుండా. మొదట ఆ పిల్ల ఎదురుగా నాయన ఉన్నట్టు వెయ్యి, తరువాత అప్పిచ్చినాయన ఉన్నట్టు, ఆ తరువాత ఆమె ఈడు స్నేహితురాలు ఉన్నట్టు. ఫోన్లో ఫొటో తీసి పంపొద్దు, కాగితాలే పోస్టులో పంపు. పెన్సిల్ ఎక్కడ ఒత్తావో, ఎక్కడ చెరిపావో నేను చూడాలి.

ఆశీస్సులతో.