అమెరికా మాత్ర తెప్పించుకోవచ్చా?

ప్రశ్న: మాది కనిగిరి దగ్గర పల్లె. నాకు 29 ఏళ్లు. పెళ్లయి నాలుగేళ్లయినా పిల్లలు లేరు. నెలసరి వస్తే మూడు రోజులు మంచం దిగలేకపోయేదాన్ని. ఒంగోలులో స్కానింగ్ తీసి, ఎడమ అండాశయంలో 4 సెంటీమీటర్ల చాక్లెట్ సిస్టు (పాత రక్తం నిండిన తిత్తి) ఉందని, ఇది ఎండోమెట్రియోసిస్ అని చెప్పి డయనోజెస్ట్ మాత్రలు రాశారు. ఎనిమిది నెలల నుంచి వాడుతున్నాను. నొప్పి చాలా తగ్గింది గాని మధ్యమధ్యలో మరకలు కనబడుతున్నాయి. అమెరికాలో ఉన్న మా ఆడపడుచు అక్కడ కొత్త మాత్ర వచ్చిందని, పంపిస్తానని అంటున్నది. దానితో జబ్బు పూర్తిగా పోయి పిల్లలు పుడతారా?
— పేరు ప్రచురించవద్దన్న పాఠకురాలు

జవాబు: అమ్మా, మీరు అడిగినవి రెండు ప్రశ్నలు, వాటి జవాబులు రెండు వేరువేరు దారుల్లో పోతాయి. మీ ఆడపడుచు చెబుతున్నది ఎలగోలిక్స్ గాని, రెలుగోలిక్స్ కలిసిన మాత్ర గాని అయి ఉండాలి. మొదటిదానికి అమెరికాలో 2018లోనూ, రెండవదానికి ఈ జబ్బు నొప్పి కోసం 2022లోనూ అనుమతి లభించింది. రెండూ నొప్పిని తగ్గించే మందులే. జబ్బును వేళ్లతో సహా పెరికివేసే మందు ఇంతవరకు ఏ దేశంలోనూ లేదు.

గర్భసంచి లోపలి పొరను పోలిన కణజాలం అండాశయాల మీద, పొత్తికడుపు లోపలి పొరల మీద పెరగడమే ఈ జబ్బు. దానికి ఆహారం ఈస్ట్రోజెన్ అనే హార్మోను. కాబట్టి ఇన్నేళ్లుగా వైద్యులు చేస్తున్న పని, ఒక్కమాటలో చెప్పాలంటే, ఆ ఆహారాన్ని తగ్గించడమే. 1970లలో వచ్చిన డానజోల్ ఆ పని చేసింది గాని ముఖాన రోమాలు మొలిపించేది. గొంతు బొంగురుపోయి మళ్లీ మామూలు కాని స్త్రీలు కూడా ఉన్నారు. తరువాత వచ్చిన ల్యూప్రోలైడ్ వంటి ఇంజెక్షన్లు మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథిని ముందు రెచ్చగొట్టి, ఆ తరువాతే అలసిపోయేలా చేస్తాయి. అందువల్ల మొదటి వారాల్లో నొప్పి తగ్గకపోగా కొందరికి పెరుగుతుంది కూడా. కొత్త మాత్రలు అదే గ్రంథిని మొదటి రోజు నుంచే అడ్డుకుంటాయి, ఆపేస్తే వాటి ప్రభావం త్వరగా పోతుంది, సూది అవసరం లేదు.

అయితే ఈస్ట్రోజెన్ మరీ తగ్గితే నడివయసు రాకముందే ఒంట్లో వేడి ఆవిర్లు మొదలవుతాయి, ఎముకల సాంద్రత తగ్గుతుంది. ఎలగోలిక్స్‌ను ఎక్కువ మోతాదులో, అంటే 200 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఆరు నెలలకు మించి ఇవ్వకపోవడానికి కారణం ఇదే. 150 మిల్లీగ్రాములు రోజుకొకటి అయితే రెండేళ్ల వరకు ఇస్తారు. రెలుగోలిక్స్ మాత్రలో చేసిన ఏర్పాటు నాకు తెలివైనదిగా తోస్తుంది: 40 మిల్లీగ్రాముల మందుతో పాటు కొద్దిపాటి ఈస్ట్రోజెన్‌ను, ప్రొజెస్టిన్ అనే మరో హార్మోనును కలిపి, జబ్బు ఆకలితో ఉండి ఎముక మాత్రం పస్తుండని స్థాయిలో హార్మోనును నిలపాలని చూశారు. అమెరికా నిబంధనల ప్రకారం దానిని కూడా రెండేళ్లకు మించి వాడకూడదు. అందులో ఈస్ట్రోజెన్ ఉంది గనుక రక్తం గడ్డకట్టే జబ్బు, అదుపులో లేని రక్తపోటు ఉన్నవారికి అది తగదు.

మీది కనిగిరి ప్రాంతమని రాశారు గనుక ఒక మాట చెప్పాలి. ఆ ప్రాంతపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువన్న సంగతి మీకు తెలిసిందే. ఫ్లోరైడ్ చేరిన ఎముక, సాంద్రతను కొలిచే డెక్సా పరీక్షలో దట్టంగా కనబడుతుంది, నిజానికి పెళుసుగా ఉంటుంది. ఇటువంటి మందులు మొదలుపెట్టే ముందు ఎముకల పరీక్ష చేయించుకునేవారు చిన్నప్పటి నుంచి ఏ నీళ్లు తాగారో డాక్టరుకు చెప్పకపోతే, బాగున్నట్లు వచ్చిన రిపోర్టే తప్పుదారి పట్టించవచ్చు.

ఇక పిల్లల సంగతి. ఈ మాత్రలు వాడుతుండగా గర్భం రాకుండా చూసుకోవాలి; అవి గర్భిణులకు పనికిరావు. పైగా నెలసరి క్రమం తప్పుతుంది గనుక గర్భం వచ్చినా వెంటనే తెలియకపోవచ్చు. మీరు ఇప్పుడు వాడుతున్న డయనోజెస్ట్ కూడా అండం విడుదలను ఆపుతుంది. ముందు కొన్నాళ్లు మందుతో జబ్బును అణచి ఆపేస్తే గర్భం సులభంగా వస్తుందన్న నమ్మకం మన వైపు చాలా ఉంది. ఐరోపా సంతానవైద్య సంఘం 2022 మార్గదర్శకాలు దానిని స్పష్టంగా కాదన్నాయి: పిల్లల కోసం హార్మోనును అణచే మందులు రాయవద్దని చెప్పాయి. అందువల్ల మీకిప్పుడు కావలసింది కొత్త మాత్ర కాదని నా అభిప్రాయం. ముందు భార్యాభర్తలిద్దరూ సంతాన పరీక్షలు చేయించుకోండి. ఏఎమ్‌హెచ్ అనే రక్తపరీక్షతో అండాల నిల్వ ఎంత ఉన్నదో చూడండి. ఆ ఫలితాన్ని బట్టే డయనోజెస్ట్ ఎప్పుడు ఆపాలో, సిస్టు తీయించాలో, నేరుగా ఐవీఎఫ్‌కు పోవాలో తేలుతుంది. సిస్టు ఆపరేషన్‌లో దానితో పాటు కొన్ని మంచి అండాలు కూడా పోతాయి కాబట్టి తొందరపడవద్దు. మరకలు డయనోజెస్ట్‌తో సాధారణమే గాని రక్తస్రావం ఎక్కువైతే డాక్టరుకు చూపించండి. ఆడపడుచు గారికి మాత్రం పంపవద్దని చెప్పండి. మాత్ర మంచిదే కావచ్చు, కాని కాలేయం, ఎముక, రక్తపోటు చూసుకుంటూ వాడవలసిన మందు పెట్టెలో సర్దుకుని వచ్చేది కాదు.

ఈస్ట్రోజెన్‌ను తగ్గించకుండా, అంటే గర్భానికి అడ్డుపడకుండా నొప్పి తగ్గించే మందు కోసం వెతుకులాట సాగుతున్నది. ఎడిన్‌బరో పరిశోధకులు పొత్తికడుపు కణాల్లో జబ్బు పెరగడానికి తోడ్పడే లాక్టేట్ అనే పదార్థం తయారీని తగ్గించే డైక్లోరోఅసిటేట్ అనే మందును పరీక్షిస్తున్నారు. ప్రొలాక్టిన్ అనే మరో హార్మోను కణాల మీద పట్టుకునే గ్రాహకాన్ని అడ్డుకునే యాంటీబాడీ ఇంజెక్షన్ రెండవ దశ పరీక్షల దాకా వచ్చింది. దీర్ఘకాలపు దగ్గు కోసం తయారైన ఎలియాపిక్సాంట్‌ను ఈ నొప్పికి కూడా పరీక్షించి, లాభనష్టాలు బేరీజు వేసుకుని 2022లో ఆపేశారు. వీటిలో ఏదీ మీరు ఇప్పుడు ఎదురుచూడవలసినది కాదు.

ప్రశ్న: ఎండోమెట్రియోసిస్ యాంటీబయాటిక్‌తో నయమవుతుందని ఎక్కడో చదివాను. మెడికల్ షాపులో అడిగి వాడవచ్చునా?
— ఒక పాఠకురాలు, కావలి

జవాబు: వద్దు. జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయం వారు 2023లో ప్రచురించిన పరిశోధన అది. ఈ జబ్బు ఉన్నవారిలో 64 శాతం మంది గర్భాశయ పొరలో ఫ్యూసోబ్యాక్టీరియం అనే సూక్ష్మజీవి కనబడింది, జబ్బు లేనివారిలో పది శాతం లోపే. యాంటీబయాటిక్ ఇచ్చినప్పుడు గడ్డలు తగ్గినది ఎలుకలలో. స్త్రీలలో కూడా అలాగే తగ్గుతాయని తేలేదాకా మీరు కొనే మాత్ర ఆ జబ్బుకు మందు కాదు.